రెండో రేవు

ఫ్రిజ్ కింది అరలో ఎండి అతుక్కుపోయిన కొత్తిమీర రెమ్మను ఆమె గోటితో గీకుతోంది. అరలన్నీ ఖాళీ. ప్లగ్గు పీకేసి, తలుపు బార్లా తెరిచి, కింద పాత తువ్వాలు పరిచింది. ఇంకో అరగంటలో టాక్సీ వస్తుంది. పదీ ముప్పావుకి విమానం, సాయంత్రం ఐదింటికి ఓడ. ఆ తర్వాత ఏడు రోజులు నీళ్ళ మీద.

ఇల్లు మూయడమంటే తాళం వేయడమేనని ఇంట్లో అందరి నమ్మకం. వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళకి కనిపించేది తాళం ఒక్కటే. పది రోజుల నుంచి ఆమె కొత్త కూరలు కొనకుండా, ఉన్నవాటినే చివరి ఉల్లిపాయ దాకా సర్దుకుంటూ వండింది. "ఏమిటివాళ కూర ఇలా ఉంది?" అని భర్త అంటే, "ఓడ ఎక్కబోయే కూర ఇలాగే ఉంటుంది" అని నవ్వేసింది. పాలు ఆపించింది, పేపరు ఆపించింది. డబ్బాలు కడిగి బోర్లించింది. చెత్త కింద పడేసింది, గ్యాస్ సిలిండర్ కట్టేసింది, మొక్కలకి నీళ్ళు పొయ్యమని పక్కింటావిడకి తాళంచెవి ఇచ్చింది. నాలుగు పెట్టెలు సర్దింది. అత్తగారి మందులు ఏ రోజువి ఆ రోజు పొట్లాలు కట్టింది. భర్త దువ్వెన మూడుసార్లు పెట్టింది, ఎందుకంటే అతను మూడుసార్లు తీశాడు. ఇదంతా ఎప్పుడు చేశావని ఎవరైనా అడిగితే చెప్పాలని ఉంది గానీ, అడిగేవాళ్ళెవరూ కనపడలేదు. ఫర్వాలేదనుకుంది. రెమ్మ ఊడివచ్చింది. అంతటితో పని అయిపోయింది. ఎన్నేళ్ళకో ఒకసారి, చెయ్యాల్సిన పని ఒక్కటీ మిగలని వంటింట్లో నిలబడింది ఆమె. వంటిల్లు ఎంత బాగుందో అనిపించింది.

"పోయింది!" అని హాల్లోంచి భర్త కేక.

"ఏం పోయిందండీ?"

"విమానం!"

"ఎక్కడికి పోయింది నాన్నా?" అని అడిగింది చిట్టి. తొమ్మిదేళ్ళ ఆ పిల్ల తెల్లవారకముందే తయారై పెట్టె మీద కూర్చుంది.

"ఎక్కడికీ పోలేదు. అదేగా గొడవ!"

ఆమె చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కిటికీలోంచి చూసింది. రోజూ కనిపించే ఎదురింటి నీళ్ళ ట్యాంకు లేదు. ఎదురిల్లే లేదు. అంతా పొగమంచు. విమానం రద్దయిందనీ, రేపు సాయంత్రం విమానంలో సీట్లిస్తామనీ మెసేజ్ వచ్చింది. అప్పటికి ఓడ వెళ్ళిపోయి పూట కాదు, రోజు దాటిపోతుంది.

భర్త విమానం వాళ్ళకి ఫోన్ చేసి దెబ్బలాడాడు. "మంచైతే ఏంటండీ? లారీవాడు కూడా లైట్లు వేసుకుని పోతున్నాడు, మీ పైలట్లకి లైట్లుండవా?" అవతలివాళ్ళు ఏం చెప్పారో గానీ, అతని గొంతు మెల్లగా దిగిపోయింది.

ఆమెకి అనడానికి ఒక మాట నాలుక చివరే ఉంది. టిక్కెట్లు కొన్న రోజు, "ఇది మంచు కురిసే నెల. ఓడ ప్రయాణానికి ముందురోజే వెళ్ళి ఆ ఊళ్ళో ఉండాలండీ, వాళ్ళ పుస్తకంలోనే రాశారు" అంటే, అతను నవ్వి, "మంచు ఎప్పుడు పడుతుందో నీకెలా తెలుసు? వాతావరణ శాఖ వాళ్ళు నీకు చుట్టాలా? నాకొక సెలవు దండగ" అన్నాడు. ఆ మాట ఇప్పుడు గుర్తుచేస్తే తను గెలుస్తుంది. గెలిచి ఏం చేసుకోవాలి? ఓడ అయితే రాదు కదా.

"నేను అనుకుంటూనే ఉన్నాను" అంది అత్తగారు, సోఫా అంచున చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని.

"మరి చెప్పలేదేం నానమ్మా?"

"చెప్తే ఎవరు వింటారే నా మాట!"

భర్త బూట్లు విప్పి, రెండు కాళ్ళూ బల్ల మీద చాపాడు. "సర్లే, ఏం చేస్తాం. సెలవు ఎలాగూ పెట్టేశాం. ఏడు రోజులూ ఇంట్లోనే హాయిగా ఉందాం. ముందు ఓ కప్పు టీ పెట్టు. టిఫిన్ ఏదైనా వేడివేడిగా చెయ్యి, ఈ చలికి బాగుంటుంది."

హాయిగా. ఆ మాట ఆమె వెనకే వంటింట్లోకి వచ్చింది. నలుగురికీ సెలవు, నలుగురూ ఇంట్లో. అంటే ఉదయం టిఫిన్ ఒకసారి, భోజనం ఒకసారి, సాయంత్రం "ఏమైనా ఉందా నోట్లో వేసుకోవడానికి" ఇంకోసారి. ఆఫీసుంటే మధ్యాహ్నమైనా తప్పించుకునేది. వాళ్ళకి రద్దయింది ఓడ. తనకి రద్దయింది అది కాదు. నిజం చెప్పుకోవాలంటే, సముద్రం ఎలా ఉంటుందో ఆమె అంతగా ఆలోచించలేదు. రాత్రి పడుకునేటప్పుడు ఆమె కళ్ళముందు మెదిలింది ఒక్కటే: పొద్దున్న కళ్ళు తెరవగానే "ఇవాళ ఏం వండాలి" అన్న ఆలోచన రాకుండా లేవడం ఎలా ఉంటుంది? అది ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఏడు పొద్దున్నలు దొరికాయి. ఇప్పుడు ఆ ఏడూ మంచులో కలిసిపోతున్నాయి.

సిలిండర్ మీద చెయ్యి వేసింది. తిప్పితే చాలు, ఇల్లు మళ్ళీ తెరుచుకుంటుంది. చెయ్యి అక్కడే ఉంది. తిప్పలేదు.

ఆమె పనిచేసేది సరుకు రవాణా ఆఫీసులో. ఆమె కుర్చీ తలుపు వెనక ఉంటుంది, ఎవరు లోపలికొచ్చినా తలుపు వచ్చి కుర్చీకి కొట్టుకుంటుంది. వానకో మంచుకో బండ్లు ఆగిపోతే ఆ రోజు ఆఫీసంతా ఫోన్లు పట్టుకుని అరుస్తుంటే, ఆమె గోడ మీది రోడ్ల పటం ముందు నిలబడుతుంది. లారీ తప్పిపోయిన పార్సిల్ని ఇక్కడే కూర్చోబెట్టి ఏడవరు ఎవరూ. ఆ లారీ రేపు ఏ ఊళ్ళో ఆగుతుందో చూసి, ఇంకో దారిన ఆ ఊరికి పంపి, అక్కడ ఎక్కిస్తారు. మొన్న వానల్లో ఒక ఆస్పత్రికి వెళ్ళాల్సిన యంత్రాన్ని ఆమె అలాగే, రైల్లో కొంత, పడవలో కొంత పంపి, వేళకి చేర్చింది. ఆస్పత్రివాళ్ళు సంతోషించి మిఠాయి డబ్బా తెచ్చారు. మేనేజరు "అంతా మా టీమ్ కృషి" అని ఫొటో దిగి, తర్వాత డబ్బా పట్టుకుని ఒక్కో బల్ల దగ్గరికీ వచ్చి, ఆమెకీ ఒకటి పెట్టాడు. "తీసుకోమ్మా, మొహమాటపడకు" అని కూడా అన్నాడు.

సిలిండర్ మీంచి చెయ్యి తీసి, ఆమె తన సంచీలోంచి ఓడ పుస్తకం తీసింది. నలభై పేజీలు. ఇంట్లో ఇంకెవరూ చదవలేదు. "అదేమన్నా పరీక్షా?" అన్నాడు భర్త. భోజన విరామాల్లో తలుపు దెబ్బలు తింటూ చదివింది. ఇరవై ఆరో పేజీలో ఉంది. మొదటి రేవులో ఓడ అందుకోలేనివాళ్ళు, ఉదయం పదకొండులోగా ఫోన్ చేసి చెప్తే, రెండో రేవులో ఎక్కవచ్చు. రెండో రేవులో ఓడ రేపు పదకొండు నుంచి మూడు దాకా ఆగుతుంది. ఆ ఊరికి ఇక్కణ్ణుంచి మధ్యాహ్నం పన్నెండున్నరకి రైలుంది, పద్నాలుగు గంటలు. మంచుకి రెండు మూడు గంటలు ఆలస్యమైనా తెల్లవారేసరికి చేరుస్తుంది. ఫోన్లో చూస్తే సీట్లున్నాయి. నాలుగు టిక్కెట్లు తీసేసింది. తీశాక చూసుకుంది, ఎవర్నీ అడగలేదు. భయం వేస్తుందేమోనని కాసేపు ఆగి చూసింది. వెయ్యలేదు. పైగా నవ్వొచ్చింది.

కింద టాక్సీ హారన్ మోగింది. కిటికీలోంచి తొంగిచూసి, "పోవద్దు బాబూ! ఎయిర్‌పోర్టు కాదు, రైల్వే స్టేషన్‌కి!" అని అరిచింది.

ఓడ వాళ్ళ ఫోను కలిసింది గానీ మాట్లాడేవాళ్ళు లేరు, సంగీతం వస్తోంది. ఫోను చెవికి ఆనించుకుని నిలబడింది. అత్తగారు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఎవరితో?"

"ఓడ వాళ్ళతో అత్తయ్యా. రేపు ఇంకో ఊళ్ళో ఎక్కొచ్చు. రైల్లో వెళ్ళాలి."

"వాడు వద్దన్నాడా?"

"ఇంకా అనలేదు. అంటారు."

అత్తగారి పెదవి ఒక మూల కొంచెం కదిలింది. లోపలికొచ్చి, కడిగి తుడిచేసి ఉన్న గట్టుని అరచేత్తో మళ్ళీ తుడిచింది. ఈవిడ ఊరికే నిలబడటం తను ఎప్పుడైనా చూసిందా అని ఆలోచిస్తే, ఆమెకి గుర్తురాలేదు. కొత్తలో ఈ చెయ్యి ఇలా గట్టు తుడుస్తుంటే, తన పని బాగాలేదని ఎత్తిపొడుస్తోందనుకునేది. "మా రోజుల్లో అయితే గట్టు అద్దంలా ఉండేది" అని నోటితో కూడా అనేది లెండి. కానీ ఆ చేతికి ఇంకో పని తెలియదేమోనని ఇప్పుడే తోచింది.

"అమ్మాయ్, ఆ ఓడలో పొద్దున్న ఎన్నింటికి లేవాలి?"

"మీ ఇష్టం. పదింటి దాకా టిఫిన్ ఉంటుంది."

"ఎవరు చేస్తారు?"

"వంటవాళ్ళు. ఎనభై మందట."

"ఎనభై మందా!" అత్తగారు బోర్లించిన డబ్బాల వంక చూసింది. "వాళ్ళకి ఏం వండాలో ఎవరు చెప్తారు?"

"ఎవరో చెప్తారు. మనం కాదు."

"తిన్నాక?"

"లేచి వచ్చెయ్యడమే."

"పళ్ళెం?"

"అక్కడే వదిలెయ్యాలి అత్తయ్యా."

"ఎవరన్నా చూస్తే?" అంది గొంతు తగ్గించి, దొంగతనం సంగతి మాట్లాడుతున్నట్టు.

"చూస్తే మనతో పాటు వాళ్ళూ వదిలేస్తారు."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. హాల్లో భర్త "టీ ఏమైంది? వంటింట్లో ఏమిటా నవ్వులు?" అన్నాడు. అత్తగారు నవ్వు దిగమింగుకుని, ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టి తన గదిలోకి వెళ్ళిపోయింది.

టీ రాకపోయేసరికి అతనే లేచి వచ్చాడు. విషయం విన్నాడు. నుదురు కొట్టుకున్నాడు. "రైలా? పద్నాలుగు గంటలా? ఈ మంచులోనా? పెట్టేసెయ్ ఫోను. అనవసరంగా హైరానా. నే చెప్పాను కదా, ఇంట్లోనే హాయిగా..."

"హాయి ఎవరికండీ?"

అడిగిన గొంతు మామూలుగానే ఉంది. దెబ్బలాటకి రాలేదని అతనికీ అర్థమైంది. అందుకే జవాబు వెతుక్కోవాల్సి వచ్చింది. వెతుక్కుంటూ ఫ్రిజ్ వైపు చూశాడు, తలుపు తెరిచి ఖాళీగా ఉంది. పొయ్యి వైపు చూశాడు, మెరుస్తోంది. బోర్లించిన డబ్బాల వైపు చూశాడు. "టీ పొడి కూడా లేదా?" అన్నాడు, ఎవరో ఇంట్లోకి దూరి ఎత్తుకుపోయినట్టు.

అప్పుడే ఫోన్లో సంగీతం ఆగింది. "చెప్పండి మేడమ్" అంది ఓడ కంపెనీ అమ్మాయి. ఆమె తమ పేర్లూ, ఓడలో తమ గది నంబరూ చెప్పింది. "రెండో రేవులో ఎక్కుతారా? చాలామందికి ఈ సంగతే తెలీదు మేడమ్! ఎంతమంది వస్తున్నారు?"

ఎంతమంది అని ఎవరు ఎప్పుడు అడిగినా ఆమె నలుగురని చెప్పేది. పెళ్ళిళ్ళకి, భోజనాలకి, డాక్టరు దగ్గర. వీళ్ళు తింటారు, వీళ్ళు తినరు, ఈయనకి ఖాళీ లేదు, ఆవిడ కారం ముట్టదు, అన్నీ తనే చెప్పేది. అందరి తరఫునా తనే నోరు. తన తరఫున మాత్రం ఏనాడూ ఒక్క ముక్క చెప్పలేదు.

"నేనూ, మా పాపా ఖాయం" అంది. "మిగతా ఇద్దరూ ఎవరికి వాళ్ళే చెప్తారు. ఒక్క నిమిషం."

"హమ్మయ్య!" అంది చిట్టి పెట్టె మీంచి దూకి.

"అదేంటి? మీరిద్దరూ ఖాయమేంటి?" భర్త తెల్లబోయాడు. "మమ్మల్ని వదిలేసి పోతావా?"

"వదిలెయ్యడమేముంది? మీ సీట్లు కూడా తీశాను. రావాలంటే రండి, మానాలంటే మానండి. మీ ఇష్టం."

"మా ఇష్టమా?" ఆ మాట అతని నోట్లో కొత్త పన్నులా ఇమడలేదు. "అమ్మ పద్నాలుగు గంటలు కూర్చోగలదా? ఆలోచించావా? అమ్మని ఇక్కడ వదిలి నేను రాలేను. ఏడు రోజులు అమ్మకి ఎవరు వండిపెడతారు? నాకెవరు పెడతారు?"

అన్నాక తనకే ఎలాగో అనిపించిందేమో, చిట్టి వంక చూసి గొంతు సవరించుకున్నాడు. చిట్టి తండ్రిని జాలిగా చూసింది.

"మేడమ్, లైన్లో ఉన్నారా?" అంది ఫోన్లో అమ్మాయి.

"ఉన్నానమ్మా. మా వాళ్ళు ఆలోచించుకుంటున్నారు" అంది ఆమె, గోడకి ఆనుకుని. తొందరేం లేదు. తను చెప్పాల్సింది చెప్పేసింది. ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. ఇంకా ఓడ ఎక్కనేలేదు.

భర్త వీధి తలుపు దగ్గరికి వెళ్ళి, రెండు చేతులూ తలుపు చట్రానికి ఆనించి నిలబడి, గది వైపు తిరిగి పిలిచాడు. "అమ్మా! నువ్వే చెప్పు. ఈ మంచులో, ఆ రైల్లో, నీ వల్ల అవుతుందా? ఇంట్లో ఉంటే నీకు సుఖం కాదూ? కాస్త నీ కోడలికి చెప్పు!"

అత్తగారు గదిలోంచి వచ్చింది. శాలువా కప్పుకుంది, మందుల సంచీ భుజానికి తగిలించుకుంది. వరుసగా నిలబెట్టిన పెట్టెల్లో తనది వెతికి పట్టుకుని, పిడి పైకి లాగి, తలుపు దాకా దొర్లించుకొచ్చింది. అడ్డంగా ఉన్న కొడుకు చేతిని మెల్లగా పట్టుకుని కిందికి దించింది. గడప దాటి, పెట్టెని ఒక్కో మెట్టే దింపుకుంటూ టాక్సీ వైపు వెళ్ళిపోయింది.