సౌమ్య నెత్తి మీది ఒట్టు

భిక్షపతి సన్నబడ్డాడు. ఆ సంగతి తెలియనివాళ్లు సూర్యాపేటలో ఇంకా ఎవరైనా మిగిలారంటే అది అతని తప్పు కాదు. చెప్పడానికి పాపం ఊరూరూ తిరిగాడు. కోదాడ ఫంక్షన్ హాల్లో, మిర్యాలగూడలో మిల్లుల సేట్ల ముందు తన పాత ప్యాంటు ఎత్తి చూపించి, "గీ ఒక్క కాల్ల ఇప్పుడు నేను మొత్తం పడుత. అంత మన పౌడర్ మహిమ!" అనేవాడు. జనం చప్పట్లు కొట్టి, అతను అమ్మే ఆ సన్నబడే పౌడర్ డబ్బాలు కొనుక్కుపోయేవారు.

మహిమా లేదు, మన్నూ లేదు. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి జీర్ణాశయాన్ని చిన్న సంచంత చేసి, పేగును దారి మళ్లించి కుట్టారు. అది భార్య నాగరాణికి ఒక్కదానికే తెలుసు. ఇంటికి రాగానే కూతురు సౌమ్య నెత్తి మీద ఆమె చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్నాడు.

"ఎవలికన్న చెప్పినవంటే పిల్ల మనకు దక్కది, సూస్కో" అన్నాడు.

కన్నబిడ్డ నెత్తిని తాళంకప్పలా వాడుకున్నవాడి మీద ఇంకేం గౌరవం మిగులుతుంది? ఉన్న కాస్తా ఆ రోజే పోయింది. అయినా ఒట్టు ఒట్టే. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని నాగరాణి నోరు మూసుకుంది.

భిక్షపతికి చిన్నప్పటి నుంచి ఫిట్స్. కడుపులో నెమ్మదిగా కరిగే గోలీ ఒకటి రోజూ వేసుకుంటూ ఏళ్ల తరబడి బాగానే ఉన్నాడు. ఫిట్స్ ఉన్నాయంటే ఆపరేషన్ చెయ్యరేమోనని హైదరాబాద్‌లో ఆ జబ్బు దాచాడు. ఏ మందు వాడుతున్నా అది రాసే డాక్టరుకు ఆపరేషన్ సంగతి చెప్పి తీరాలని వాళ్లు మరీ మరీ చెప్పి పంపితే, సూర్యాపేటకొచ్చి ఆపరేషన్ దాచాడు. తెలివంటే అదే అనుకున్నాడు మహానుభావుడు.

కొన్నాళ్లకు ఫిట్స్ మళ్లీ మొదలయ్యాయి. అన్నం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పడిపోయాడు. పక్కింటామె పరుగెత్తుకొచ్చి చేతిలో తాళపుగుత్తి పెట్టింది. అతన్ని ఎప్పుడూ చూసే డాక్టర్ వినయ్ దగ్గరికి తీసుకుపోయారు.

"ఈ మధ్య ఏమన్న ఆపరేషన్ అయిందా?" అని డాక్టర్ అడిగాడు.

తలుపు దగ్గర ఆయా సాలమ్మ నిలబడి ఉంది. ఆమె కూడా పౌడర్ తాగుతోంది. "ఏం కాలే సార్" అన్నాడు భిక్షపతి.

రక్తపరీక్షలో మందు ఉండాల్సినంత లేదని తేలింది. డాక్టర్ నాగరాణి వైపు తిరిగాడు. "గోలీలు సక్కగ పడ్తలేవమ్మా. నువ్వు దగ్గరుండి ఇస్తున్నవా?"

"మర్సిపోతది సార్. టీవీ పెడితే దానికి మొగుడు యాదికుంటడా?" అని మధ్యలో అందుకున్నాడు భిక్షపతి.

సాలమ్మ ఫక్కున నవ్వింది. ప్రతి పొద్దునా నీళ్లగ్లాసు పట్టుకుని, అతను మింగేదాకా ఎదురుగా నిలబడే నాగరాణికి ఒళ్లంతా మండింది. అయినా సౌమ్య గుర్తొచ్చి తల దించుకుంది.

బండి నడపొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. వింటే భిక్షపతి ఎందుకవుతాడు? వద్దు వద్దంటున్నా సౌమ్యను స్కూటీ ముందు నిలబెట్టుకుని బడికి బయలుదేరాడు. వీధి మలుపులోనే ఫిట్స్ వచ్చింది. అతనికి మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. సౌమ్య తల పగిలింది.

డాక్టర్ వినయ్ ఆస్పత్రిలోనే కుట్లు వేసి, కట్టు కట్టి పిల్లను నాగరాణి ఒళ్లో కూర్చోబెట్టారు. పక్క మంచం మీద భిక్షపతి కళ్లు తెరిచాడు.

"మళ్ల గోలీ ఎగ్గొట్టిన్రా?" అన్నాడు డాక్టర్.

"దాన్నే అడుగున్రి సార్."

అప్పుడు తలెత్తింది నాగరాణి. "గోలీ నేనే ఇచ్చిన, నా కండ్ల ముందే మింగిండు. ఈయనకు హైదరాబాద్ల పొట్ట ఆపరేషన్ అయింది సార్. పేగు మళ్లిచ్చి కుట్టిన్రు. పౌడర్‌తోటి గాదు ఈయన సన్నగైంది."

డాక్టర్ చేతిలోని పెన్ను ఆగిపోయింది. "ఆ మాట ముందే చెప్పాలె గదయ్యా! నీ గోలీ మెల్లగ కరిగేది. ఇప్పుడు నీ కడుపుల అది కరిగే దారే తక్కువైంది. మొత్తం ఒంటికి పట్టకముందే దాటిపోతుండొచ్చు. మందు రకం మార్చాలె, రక్తం మళ్ల మళ్ల చూసుకోవాలె. ఇన్ని రోజులు ఉత్తగ ఈమెను అనుమానించిన."

భిక్షపతికి ఆ మాటలేవీ ఎక్కలేదు. "ఒట్టేసినవ్ గదనే! పిల్ల నెత్తి మీద ఒట్టేసినవ్!"

"ఏ నెత్తి?" నాగరాణి సౌమ్య తలను మెల్లగా అతని వైపు తిప్పింది. కట్టు మీద నెత్తురు ఇంకా తడిగానే ఉంది. "గీ నెత్తేనా? చెప్తె దక్కదంటివి. చెప్పకుంటెనే పగిలింది."

అతను కట్టు వైపు చూడనైనా చూడలేదు. తలుపు వైపు చూశాడు. "జర మెల్లగ మాట్లాడు. బయట మనోళ్లు, పౌడర్ కొనేటోళ్లు కూసున్నరు."

నాగరాణి పిల్లను చంకనెత్తుకుని లేచింది. తలుపు బార్లా తెరిచింది. మళ్లీ మొదటి నుంచి చెప్పింది.