రిమ్ము వెనుక చుక్క

కోరుట్లలో రాజనర్సు ఇంట మొదటి మర్యాద కారుకు, రెండోది ఆయన తెల్లమీసాలకు, ఇంకేమైనా మిగిలితే భార్య బుచ్చవ్వకు. కూతురు వసంత డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నా తాళంచెవి ఆయన జేబు దాటలేదు. "కొన్నకాన్నుంచి ఒక్క గీత వడలే. నడుపుడంటే గిట్లుండాలె!" అని కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాడు.

అలాంటి తాళం ఆ ఆదివారం అల్లుడు రమేశ్ చేతికొచ్చింది. రమేశ్ సిరిసిల్లలో మరమగ్గాలు బాగుచేస్తాడు. మర్నాడు బీర్పూర్‌లో చుట్టాల పెళ్లి, జగిత్యాల పోయి పెట్టుబట్టలు తేవాలి. మామకు మోకాలు పట్టేసింది గనుక సరిపోయింది గానీ, లేకుంటే ఇచ్చేవాడా?

"అల్లుడా, గీత వడ్డదనుకో, రేపు పందిట్ల మైకు వట్టుకొని చెప్త," అన్నాడు రాజనర్సు. అది ఉత్త బెదిరింపు కాదు. రమేశ్ తొందరలో ఆడవాళ్ల చెప్పులేసుకుని పోయిన ముచ్చట కిందటి పెళ్లిలో మైకులోనే చెప్పాడు మరి.

జగిత్యాలలో మేక అడ్డమొచ్చింది. రమేశ్ స్టీరింగ్ తిప్పాడు. మేక క్షేమంగా పోయింది, ఎడమవైపు ముందు చక్రం మాత్రం డివైడర్‌ను గట్టిగా ముద్దాడింది. చూస్తే తళతళలాడే అల్లాయ్ రిమ్ము అంచు వంగి, ఎలుక కొరికిన రొట్టెలా ఉంది. రమేశ్ చెవుల్లో అప్పుడే మైకు కుయ్యిమంది.

అడుగుతూ అడుగుతూ రిమ్ములు బాగుచేసే సలావుద్దీన్ దుకాణం చేరాడు. ముసలాయన కుర్చీలో కూర్చుని నవ్విస్తుంటాడు, కొడుకు ఖలీల్ పనిచేస్తుంటాడు.

"చాచా, పొద్దుగూకేలోపు కొత్తదాని లెక్క కావాలె. లేకుంటే నేను సిరిసిల్లకు నడుసుకుంట పోవుడే!"

"డివైడర్‌కు చెప్పకపోయినవా తమ్మీ, జరుగుమని?" అన్నాడు సలావుద్దీన్.

ఖలీల్ టైరు ఊడదీసి, రిమ్ముకు రంగు వదిలించే మందు పూసి పాత రంగు గీకాడు. గీకుతూ గీకుతూ ఆగి తండ్రిని పిలిచాడు. రిమ్ము వెనుకవైపు స్పోకు మీద సుత్తితో పొడిచిన చిన్న చుక్క.

"అరె, గిది మన చుక్కనే!" అన్నాడు ముసలాయన. "బాగుచేసిన ప్రతిసారి ఒక చుక్క పెడ్తం తమ్మీ. వేడిచేసి సాపు చేస్తే రిమ్ము బలం తగ్గుతది. రెండు చుక్కలున్నదాన్ని ఎవ్వలు తెచ్చినా మల్ల ముట్టం."

"అంటే గీ చక్రం ఇంతకుముందే వచ్చిందా? ఎవరు తెచ్చిండ్రు?"

"పేరు చెప్తే దుకాణం మూసుకోవాలె. తెల్లమీసాలాయన. 'మా ఆమెకు చెప్పకు భాయ్' అని నా గడ్డం వట్టుకున్నడు. నీకేమన్న ఎరుకేనా?"

రమేశ్ పక్కనున్న టైరు మీద కూలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

ఖలీల్ వంగిన అంచును వేడి మీద సాపు చేశాడు. అరిగినచోట వెల్డింగ్ పెట్టి నున్నగా రుద్ది, రంగు కొట్టి, పొయ్యిలాంటి పెట్టెలో కాల్చాడు. రెండో చుక్క మాత్రం సలావుద్దీనే స్వయంగా కొట్టాడు. "మీ మీసాలాయనకు నా సలాం చెప్పు," అన్నాడు.

సాయంత్రం పెట్టుబట్టలతో కారు వాకిట్లో ఆగింది. రాజనర్సు కుంటుకుంటూ చుట్టూ తిరిగాడు. ఎడమవైపు ముందు చక్రం దగ్గర మాత్రం ఎందుకో కూర్చున్నాడు. రిమ్ము వెనక్కి వేలు పోనిచ్చి తడిమాడు. మళ్లీ తడిమాడు. తలెత్తి అల్లుడిని చూశాడు.

"సలావుద్దీన్ చాచా సలాం చెప్పమన్నడు మామా," అన్నాడు రమేశ్ మెల్లగా.

మీసాలు ఒక్కసారిగా కిందికి వాలాయి.

"ఏమైందయ్యా? గీత వడ్డదా?" గుమ్మంలోంచి అరిచింది బుచ్చవ్వ.

"ఏం లే!" అన్నారు మామా అల్లుళ్లు ఒక్క గొంతుతో.

రాజనర్సు అల్లుడి భుజం పట్టుకుని లేచాడు. "రెండైనయి. నీదొకటి, నాదొకటి. ఇగ మూడోది చెయ్యరు, ఎరుకేనా?" అని గొణిగి, అల్లుడి చేతిలోని తాళంచెవి తీసుకుని గాల్లోకి విసిరాడు. "వసంతా! రేపు బీర్పూర్‌కు నువ్వే నడుపు, బిడ్డా. మేమిద్దరం ఎనుక కూసుంటం."

తల్లి వెనకే వచ్చిన వసంత తాళం పట్టుకుని తండ్రినీ మొగుణ్నీ మార్చిమార్చి చూసింది. "ఇద్దరికీ ఏమైంది ఇయ్యాల?"

"మోకాలు నొప్పి," అన్నాడు రాజనర్సు.

"నాక్కూడా," అన్నాడు రమేశ్.