ఎనిమిది లేని బ్యాకప్

కామేశ్వరరావుకు ఎనిమిది పడదు. వెలిమెలలో ముచ్చటైన ఫ్లాటు దొరికినా, ఎనిమిదో అంతస్తని వదిలేసుకున్నాడు. ఇంతటి జాగ్రత్తపరుడు పటాన్‌చెరులో ఓ మాత్రల కంపెనీకి కంప్యూటర్ల మేనేజరు. నెలాఖరుకు రిటైరవ్వాలి. తనిఖీ గట్టెక్కితే ఇంకో రెండేళ్లు ఉంచుకుంటానని యజమాని వెంకటరామయ్య మాటిచ్చాడు. ఆ రెండేళ్ల మీదే ఆయన ప్రాణాలన్నీ ఉన్నాయి.

తనిఖీకి విదేశీ బృందం రేపు దిగుతుందనగా లినక్స్ సర్వర్‌లో డిస్కు చచ్చి ఊరుకుంది. మాత్రల తయారీ రికార్డులన్నీ అందులోనే ఉన్నాయి.

"బ్యాకప్ ఉందండీ, కంగారెందుకు!" అని కామేశ్వరరావు ఛాతీ విరుచుకున్నాడు.

మరీ పెద్ద ఫైలని ముక్కలు చేసి, బయటి డిస్కులోకి ఎక్కించిన బ్యాకప్ అది. ముక్కలు చేసి ఎక్కించింది ఆయన కింద పనిచేసే నిషిత. డిస్కును బీరువాలో పెట్టి తాళం వేసుకున్నది ఆయన.

నిషిత సర్వర్‌లో కొత్త డిస్కు బిగించి, ముక్కలన్నీ కలపమని కమాండ్ కొట్టింది. ఎనిమిదో ముక్క దొరకడం లేదని సర్వర్ మొరాయించింది. బయటి డిస్కులో చూస్తే ఏడు తర్వాత తొమ్మిది ఉంది.

"పోగొట్టావా? కంపెనీ నోట్లో మట్టి కొట్టావు కదమ్మా!" ఆయన అరుపుకు ప్యాకింగ్ హాల్లోవాళ్లు కూడా ఇటు తొంగిచూశారు.

"అన్నీ ఎక్కించిన సార్. జెర ఆగుండ్రి, సూస్త."

ఆయనెందుకు ఆగుతాడు? తిన్నగా యజమాని గదికి వెళ్లి, ఈ కాలం పిల్లలకు శ్రద్ధ లేదని ఉపన్యాసం దంచి, వెంకటరామయ్యను వెంటబెట్టుకుని మరీ వచ్చాడు.

నిషిత తల తిప్పింది. "ఏ ముక్కా పోలే సార్. నంబర్లు పక్కకు పెట్టి, ఉన్నయే వరుసగ కలిపిన. మంచిగ తెరుచుకుంది. ఎనిమిది కాడికెళ్లి ఎవలో ఒక్కో నంబరు ముందుకు జరిపిండ్రు, గంతే."

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. ఎనిమిదిని బీరువాలో పెట్టుకుంటే అచ్చిరాదని, తాళం వేసేముందు ఆ ముక్కల పేర్లలో నంబర్లు మార్చింది తానే. గొంతు తడారిపోయింది. అయినా అబద్ధానికి తడి అక్కర్లేదు కదా.

"వైరస్ పనండీ ఇది!"

"వైరస్‌కు గూడ ఎనిమిదంటే భయమా సార్?" అంది నిషిత.

వెంకటరామయ్య నవ్వలేదు. "వైరస్ ముట్టిన రికార్డులను తనిఖీవాళ్లు నమ్మరు. రేపు ఫ్యాక్టరీకి తాళమే."

కామేశ్వరరావు ఏసీ గదిలో చెమటలు తుడుచుకున్నాడు. ఫ్యాక్టరీకి తాళం పడితే రెండేళ్లూ గల్లంతు. నిజం చెబితే ఆ పిల్ల ముందు పరువు గల్లంతు. చివరికి నేల చూపులు చూస్తూ గొణిగాడు.

"నేనే మార్చానండీ... ఎనిమిది కూడదని."

వెంకటరామయ్య తెర మీద తెరుచుకున్న రికార్డులను ఓసారి సరిచూసుకున్నాడు. "పోనీలెండి, రికార్డులు బతికాయి. ఈ పేర్లెవరు మార్చారని రేపు వాళ్లు తప్పకుండా అడుగుతారు. వాళ్లు ఒప్పుకుంటే మీ రెండేళ్ల సంగతి చూద్దాం. ఎనిమిది ఎందుకు కూడదో మీరే చెప్పండి, ఇంగ్లీషులో."