హైమవతి వంతు గాలి

నేను ఒక ఆక్సిజన్ మాస్కుని. రబ్బరు ఒళ్ళు, వెనక నాడా, కింద గొట్టం. మనిషి మూతి కొలతకే పోతపోశారు. మొదట విమానం నడపడం నేర్పే బడిలో ఉన్నాను. ఎన్ని మూతులకి అంటుకున్నానో. నేల మీద గాలి ఊరికే దొరుకుతుంది. అక్కడ నా మొహం చూసేవాడు లేడు. పైకి వెళ్ళాక రెండు చేతులా పట్టుకుంటారు.

తరవాత భీమవరం రొయ్యల వ్యాపారి సోమరాజు గారు చిన్న విమానం కొన్నారు. దానితో నేనూ, నా జోడీ మాస్కూ వచ్చాం. నడిపేది ఆయనే. ఎక్కేది భార్య హైమవతి గారు, బొబ్బట్టు అనే కుక్క.

ఆషాఢంలో బెంగుళూరు బయలుదేరారు. పదివేల అడుగుల లోపే పోదామనుకున్నారు. అక్కడ నాతో పనిలేదు. మబ్బులు గోడ కట్టేసరికి ఆయన ఇరవై రెండు వేలకి ఎక్కించి, తన మాస్కు తగిలించుకున్నారు.

"మరి బొబ్బట్టుగాడికో?" అంది వెనక సీటులోంచి ఆవిడ.

"నువ్వో నిమిషం, వాడో నిమిషం. మర్చిపోకు."

"పెళ్ళిరోజు గుర్తుండని మీరా నాకు చెప్పేది?"

నన్ను కుక్క మూతికి పెట్టి, సందుల్లో చేతిరుమాలు కుక్కింది. మళ్ళీ తాను పెట్టుకుంది. మళ్ళీ వాడికి. నాలుగోసారి వాడికి కట్టి, తన వంతు మరిచిపోయింది. పలచని గాలి పీక నులమదు. మత్తులా హాయిగా ఉంటుంది. ఆవిడ మబ్బుల్ని చూసి నవ్వుతోంది.

"గోళ్ళు చూపించు హైమా" అన్నారాయన. గాలి చాలకపోతే గోళ్ళు నీలమవుతాయి. ఆవిడ సీటు పక్కనుంచి చెయ్యి చాచింది. నిన్న పెట్టుకున్న గోరింటాకు. గోళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బాగా పండిందే!" అన్నారు. మళ్ళీ ముందుకే చూశారు.

నాకు నోరు లేదు. నాలో ఉన్న నోరు కుక్కది. వాడు మొరిగాడు. ఇంజను మోతలో అది నా రబ్బరు దాటలేదు. కాలితో గీరి నన్ను పీకేశాడు. పళ్ళతో పట్టి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. ఆవిడ నన్ను నిమిరింది. "బొబ్బట్టూ, బజ్జోరా" అంది నాతోనే.

అప్పుడు వాడు సోమరాజు గారి భుజం మీదికి దూకాడు. ఆయన తిరిగి చూశారు. ఆవిడ పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. నవ్వు మాత్రం చెక్కుచెదరలేదు.

విమానాన్ని రాయిలా దింపారు. ఆవిడ ప్రాణం నిలిచింది. బుర్రకి మాత్రం గాలి ఆలస్యంగా అందింది.

ఇప్పుడా విమానం షెడ్డులోనే ఉంది. నా రబ్బరు చీలి, సీటు కింద పడి ఉన్నాను. ఆవిడ రోజూ వచ్చి అదే సీటులో కూర్చుంటుంది. బొబ్బట్టు మెట్టెక్కడు.

"ఏవండీ, ఇంకెంతసేపు?"

"దిగిపోయాం హైమా. ఎప్పుడో దిగిపోయాం."

ఆయన గచ్చు మీద, చెయ్యి చాస్తే అందేంత దగ్గర నిలబడి ఉంటారు. ఆవిడ కిటికీలోంచి తొంగి చూస్తుంది.

"అబ్బ, ఎంత చిన్నగా కనిపిస్తున్నారండీ!" అంటుంది.