అద్దానికి ఇవతల ఇచ్చిన మాట

అతన్ని పనిచోట అందరూ ‘బల్లి’ అంటారు. ఆ పేరు పెట్టినవాడు ఎవరో కాదు, సొంత బావమరిదే. ఎత్తయిన భవనాల అద్దాలు తుడవడం వాళ్ళ పని. బావమరిది కింద నిలబడి, దారిన పోయేవాళ్ళ నెత్తిన బకెట్లు పడకుండా చూస్తాడు. బల్లి నడుముకి బెల్టు బిగించుకుని, తాడు పట్టుకుని, గోడ వెంట దిగుతూ తుడుస్తాడు. వయసు యాభై దాటింది. నెత్తిమీద జుట్టు ఎప్పుడో సెలవు తీసుకుంది, పొట్ట మాత్రం ముందుకొచ్చి కూర్చుంది. అయినా పదో అంతస్తు దగ్గర గాలిలో వేలాడుతూ ఈల వేసుకోగలడు. అది చూసి కింద ఉన్నవాళ్ళకే కళ్ళు తిరుగుతాయి.

అంతటి మనిషికీ సూదంటే చచ్చేంత భయం. భార్య మొదటి కాన్పుకి ఆసుపత్రికి తీసుకెళ్ళి, నర్సు చేతిలో సూది చూసి వరండాలోనే వెల్లకిలా పడ్డాడు. నొప్పులు పడుతున్న ఆవిడే లేచొచ్చి ముఖాన నీళ్ళు చల్లిందని బావమరిది ఇప్పటికీ అందరికీ చెబుతుంటాడు. అందులో సగం అబద్ధమని బల్లి అంటాడు గానీ, ఏ సగమో మాత్రం చెప్పడు.

అయినా పిల్లల ఆసుపత్రి వాళ్ళు పిలిచినప్పుడు, పనంతా బయటే కాబట్టి ధైర్యంగా ఒప్పుకున్నాడు. ఈసారి అద్దాలు తుడవడానికి వచ్చేటప్పుడు సూపర్ హీరోలా తయారై రమ్మని, పిల్లలు సరదా పడతారని వాళ్ళ కోరిక. సినిమాల్లో, బొమ్మల పుస్తకాల్లో ఉన్నవాళ్ళెవరూ తన పొట్టకి సరిపోరని బల్లి సొంతంగా ఒక హీరోని తయారుచేసుకున్నాడు. ఆకుపచ్చ చొక్కా, వీపు వెనక వేలాడే నారింజ రంగు కేపు, ముక్కు దాకా ముసుగు. లోపల స్పాంజి కుక్కి కండలు పెట్టే పని భార్య మీద పడింది.

ఆవిడ చర్చిలో సండే స్కూల్ టీచరు. మిషను తొక్కుతూ, స్పాంజి కుక్కుతూ, ఆ హీరోలందరినీ దులిపి పారేసింది.

“ఏమండీ, మొన్న పిల్లలు నన్నేం అడిగారో తెలుసా? ‘టీచర్, కేపు హీరోకీ మన ప్రభువుకీ కుస్తీ పెడితే ఎవరు గెలుస్తారు’ అని.”

“నువ్వేం చెప్పావు?”

“ప్రభువు కుస్తీలు పట్టడమ్మా అన్నాను. క్లాసు క్లాసంతా ‘హా…’ అని నీరుగారిపోయింది. నీళ్ళ మీద నడిచాడని చెప్పబోతే, ‘మా హీరో నీళ్ళ మీద ఎగురుతాడు టీచర్’ అని ఒకడు నా నోరు మూయించాడు. అప్పటినుంచీ సరైన జవాబు దొరక్క నాకు తిండి సయించడం లేదు. మీరేమో నాచేతే వాళ్ళకి కండలు కుట్టిస్తున్నారు.”

“కుడి భుజం కాస్త పెద్దది పెట్టు” అన్నాడు బల్లి. ఆవిడ స్పాంజి ముక్క తీసి అతని ముఖాన కొట్టింది.

అనుకున్న రోజు వచ్చింది. మేడ మీద నుంచి కేపు ఎగరేసుకుంటూ బల్లి దిగుతుంటే లోపల పిల్లలు మంచాల మీద ఎగిరి గంతులేశారు. చేతికి సెలైను గొట్టాలున్నవాళ్ళు రెండో చెయ్యి ఊపారు. అతనికి ఛాతీ నిజంగానే రెండంగుళాలు పొంగింది. ఇంత గౌరవం ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఏ ఆఫీసు కిటికీలోనూ దక్కలేదు.

మూడో అంతస్తులో కిటికీ పక్క మంచం మీద ఏడెనిమిదేళ్ళ పిల్ల ఒకతి కూర్చుని ఉంది. గంతులెయ్యలేదు, చెయ్యీ ఊపలేదు. అద్దానికి ముఖం ఆనించి, అతని కళ్ళల్లోకి చూస్తూ నెమ్మదిగా ఏదో అడిగింది. ఒక్క ముక్క వినపడలేదు. అద్దాలు తుడిచేవాళ్ళకి ఇది మామూలే. లోపలివాళ్ళు ‘ఆ మూల మరక పోలేదు’ అంటారో, ‘తొందరగా కానివ్వు’ అంటారో ఎవరికి తెలుసు? వినపడలేదని సైగలు చేస్తూ వేలాడితే తడి ఆరిపోయి అద్దం నిండా చారలు పడతాయి. అందుకని ఒక నవ్వు నవ్వి, తల ఊపేసి, వైపర్ లాగేసి దిగిపోవడం వాళ్ళ పద్ధతి. బల్లి అలాగే నవ్వాడు, తల ఊపాడు. ఆ పిల్ల మళ్ళీ అడిగింది. ఈసారి రెండుసార్లు ఊపి, పైగా బొటనవేలు కూడా ఎత్తి చూపించి, రెండో అంతస్తుకి దిగిపోయాడు.

మధ్యాహ్నం గోడ నీడన బావమరిది పక్కన కూర్చుని, ముసుగు నెత్తిమీదికి తోసుకుని భోజనం చేస్తుంటే, అరవయ్యేళ్ళ పెద్దావిడ వెతుక్కుంటూ వచ్చింది. ఆ పిల్లకి అమ్మమ్మ. వస్తూనే అతని ఎంగిలి చెయ్యే పట్టేసుకుంది.

“తమ్ముడూ, నీకు పుణ్యముంటుంది. దానికి పాదం వంకర, ఆపరేషన్ చెయ్యాలి. బయల్దేరదీసిన రెండుసార్లూ ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకుంది, డాక్టర్లు ఆపేశారు. వాళ్ళమ్మ పురిటి మంచంలో ఉంది, వాళ్ళ నాన్న అక్కడే చిక్కుకుపోయాడు. నా మాట అసలు వినదు. రేపు కూడా ఆగితే మళ్ళీ ఎప్పటికి కుదురుతుందో చెప్పలేమన్నారు. అలాంటిది ఇవాళ దానంతట అదే ‘రేపు వెళ్తాను అమ్మమ్మా’ అంది. అన్నం కూడా తింది.”

“మంచిదేనమ్మా. పిల్లలకి ఈ వేషాలంటే…”

“వేషం కాదు తమ్ముడూ, నువ్విచ్చిన మాట. ‘రేపు నన్ను తీసుకెళ్ళేటప్పుడు వచ్చి నా చెయ్యి పట్టుకుంటావా, సూది గుచ్చేటప్పుడు కూడా వదలకుండా ఉంటావా’ అని అడిగిందట కదా. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ సరేనన్నావట.”

బల్లి గొంతులో ముద్ద అక్కడే ఆగిపోయింది. బావమరిది అటు తిరిగి నవ్వాపుకోలేక పొలమారాడు. నిజం చెప్పడానికి బల్లి నోరు తెరిచాడు గానీ, ఆవిడ ముఖంలో వెలుగు చూసి మళ్ళీ మూసేశాడు.

తప్పించుకునే దారి ఏమైనా ఉందేమోనని పెద్ద నర్సు దగ్గరికి వెళ్ళాడు. దారి దొరక్కపోగా ఉన్నది కూడా మూసుకుపోయింది. ఆవిడ అతన్ని కిందనుంచి పైదాకా చూసి, “గోడల దుమ్మంతా ఈ బట్టల మీదే ఉంది. వీటితో లోపలికి అడుగు పెట్టనివ్వను. పొద్దున్నే శుభ్రంగా స్నానం చేసి రండి, మేమిచ్చే గౌను వేసుకోండి. కేపు లేదు, ముసుగు లేదు” అంది.

సాయంత్రం ఇంట్లో బల్లి తల పట్టుకుని కూర్చున్నాడు.

“మీ తమ్ముణ్ణి పంపిస్తా. పొడుగ్గా ఉంటాడు, జుట్టు కూడా ఉంది. నన్ను చూస్తే ఆ పిల్ల నమ్ముతుందా? ఆ ఒళ్ళూ, ఆ కండలూ చూసి నమ్మింది. ఇవేవీ లేకుండా ఈ బట్టతలేసుకుని వెళ్ళి నేనే హీరోని అంటే, ఉన్న ధైర్యం కూడా పోతుంది. పైగా నేను సూది చూసి అక్కడే పడిపోతే?”

“తల ఊపింది మీరా, మావాడా?”

“నేనే. కానీ ఏం ఒప్పుకున్నానో నాకేం తెలుసు?”

ఆవిడ చేతిలో ఉన్న నారింజ కేపుని మడతపెడుతూ మడతపెడుతూ ఆగిపోయింది. తర్వాత ఉన్నట్టుండి ముఖం వికసించింది.

“ఏమండీ, నాకు జవాబు దొరికింది! ఆ హీరోలంతా మామూలు మనుషుల్లా తిరుగుతుంటారు. ఆపదొస్తే డ్రెస్సు వేసుకుని పైకి ఎగురుతారు. మన ప్రభువు ఆపద చూసి, ఉన్నదంతా అక్కడే విప్పిపెట్టి కిందికొచ్చాడు. ఆకలేసింది, అలిసిపోయి పడవలో నిద్రపోయాడు. చివర్లో, సిలువకి ముందు రాత్రి, తోటలో ప్రార్థన చేస్తుంటే భయంతో చెమటలు కారిపోయాయి. అయినా లేచి వెళ్ళాడు. కుస్తీలో ఎవరు గెలుస్తారని కాదు, భయమేసినా మన పక్కన ఎవరుంటారని అడగాలి వాళ్ళు. ఈ ఆదివారం ఇదే చెబుతాను.”

“ఆయన ప్రభువు. నేను బల్లిని.”

“అందుకే మిమ్మల్ని సిలువ మొయ్యమనలేదు, చెయ్యి పట్టుకోమన్నారు. లేచి ఆ గోళ్ళు కత్తిరించుకోండి, మురికి కనబడుతోంది.”

మర్నాడు పొద్దున అతను మందుల వాసనకి ముక్కు మూసుకుని ఆసుపత్రి మెట్లెక్కాడు. నర్సులు ఇచ్చిన పచ్చ గౌను మోకాళ్ళ కింద దాకా వేలాడింది. నెత్తిన గుడ్డ టోపీ, మూతికి గుడ్డ. అద్దంలో చూసుకుని, వంటమనిషిలా ఉన్నాననుకున్నాడు.

ఆ పిల్ల కిటికీ వైపే చూస్తూ కూర్చుని ఉంది. పక్క మంచం మీద కాస్త పెద్ద పిల్ల, చేతికి కట్టుతో, తమాషా చూడ్డానికి సిద్ధంగా ఉంది. అమ్మమ్మ “ఇదిగోనే, వచ్చాడు” అంది.

పిల్ల అతన్ని ఎగాదిగా చూసింది. “ఈయన కాదు.”

“నేనేనమ్మా.”

“కండలేవి?”

“స్పాంజి. మా ఆవిడ కుట్టింది.”

“ఎగరడం రాదా?”

“తాడు కట్టుకుంటే వస్తుంది.”

“అయితే అబద్ధం చెప్పావు” అని దుప్పటి నెత్తిమీదికి లాగేసుకుంది. లోపలినుంచి వెక్కిళ్ళు మొదలయ్యాయి. పెద్ద నర్సు గడియారం చూసుకుంది. అమ్మమ్మ మొహం పాలిపోయింది. ఇంకాసేపు ఇలాగే ఏడిస్తే జ్వరం రావడం ఖాయమని అందరికీ తెలుసు.

బల్లి మంచం పక్కన నేలమీద కూలబడి, దుప్పటితోనే మాట్లాడాడు.

“అబద్ధం చెప్పలేదమ్మా. అంతకంటే పెద్ద తప్పే చేశాను. నువ్వు అడిగింది నాకు వినపడలేదు. అద్దం అవతలివాళ్ళు ఏమన్నా తల ఊపేయడం నాకు అలవాటు. నువ్వేం అడిగావో మీ అమ్మమ్మ చెబితే తెలిసింది.”

వెక్కిళ్ళు కాస్త తగ్గాయి. “అప్పుడే వినపడి ఉంటే ఒప్పుకునేవాడివి కాదుగా.”

“ఒప్పుకునేవాణ్ణి కాదేమో. నాకు సూదంటే భయం.”

దుప్పటి అంచు కిందికి జరిగి ఒక కన్ను బయటికొచ్చింది. “నీకా?”

అతను చెయ్యి చాపి చూపించాడు. వేళ్ళు నిజంగానే వణుకుతున్నాయి. దాచాలని కూడా అనిపించలేదు. పక్క మంచం పిల్ల మెడ చాచి మరీ చూసింది.

“ఇంత భయమైతే మరి ఎందుకొచ్చావు?”

“నువ్వు అడిగావు. నేను ఊపాను. వినపడకపోవడం నా తప్పుగానీ, నీది కాదుగా.”

పిల్ల రెండో కన్ను కూడా బయటపెట్టింది. ఆ వణుకుతున్న వేళ్ళని కాసేపు పరీక్షగా చూసింది. తర్వాత లేచి కూర్చుని, ముక్కు తుడుచుకుని, ఎడమ చెయ్యి అతనికి ఇచ్చింది.

“ఇది పట్టుకో. సూది ఆ చేతికి గుచ్చుతారు. నువ్వు అటు చూడకు, నా మొహంలోకి చూడు.”

నర్సు సూది తీసింది. బల్లికి చెవులు గింగురుమన్నాయి, ముచ్చెమటలు పోశాయి. గది ఒక పక్కకి వాలుతున్నట్టనిపించింది. “ప్రభువా, పడెయ్యకు” అని లోలోపల అనుకుంటూ ఆ పిల్ల కళ్ళల్లోకే చూశాడు. పిల్ల కూడా అతని మీద నుంచి చూపు తిప్పలేదు. “అయిపోయింది తాతయ్యా, చూసుకో” అని చివరికి అదే చెప్పింది.

తోపుడు మంచం వరండాలో కదిలింది. అతను చెయ్యి వదలకుండా పక్కనే నడిచాడు. ఆపరేషన్ గది తలుపుల దగ్గర, ఇక అటువైపు ఎవరూ రాకూడదన్నారు. అప్పటికే పిల్ల కళ్ళు మూతలు పడుతున్నాయి. తలుపులు మూసుకున్నాక బల్లి గోడకి జారగిలబడి నేలమీద కూర్చున్నాడు. ఈసారి అమ్మమ్మే అతని ముఖాన నీళ్ళు చల్లింది. ఇక ఇంటికి వెళ్ళమని నర్సులు చెప్పినా కదల్లేదు. అక్కడే కూర్చుని, కింద పని ఎలా నడుస్తోందో కూడా మర్చిపోయి, తెలిసిన ప్రార్థనలన్నీ చేశాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. సాయంత్రం పిల్ల కళ్ళు తెరిచేసరికి కాలికి తెల్లటి కట్టు ఉంది. మంచానికి ఒక పక్క అమ్మమ్మ, ఇంకో పక్క కుర్చీలో గౌనులోనే కునికిపాట్లు పడుతున్న బల్లి. పక్క మంచం పిల్ల ఇంక ఆగలేకపోయింది.

“ఏమే, మరి నీ హీరో రాలేదేం?”

మత్తు వదలని గొంతుతోనే ఆ పిల్ల జవాబు చెప్పింది. “రాలేదు. ఈయనొచ్చాడు. నాకంటే ఎక్కువ భయపడ్డాడు. అయినా చెయ్యి వదల్లేదు.”

బల్లికి మెలకువ వచ్చేసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళ బతుకులో ఎవరూ తనని ఇంతగా మెచ్చుకోలేదనిపించింది, సంతోషంతో గుండె నిండిపోయింది.

పక్క మంచం పిల్ల తన చేతి కట్టు వంక చూసుకుంది, తర్వాత అతని వంక చూసింది. అప్పటిదాకా ఉన్న తమాషా ముఖంలో లేదు.

“తాతయ్యా, రేపు నాకు కుట్లు విప్పుతారు. ఇంజెక్షన్ కూడా ఉందట.”

బల్లి ముఖంలో రంగు మొత్తం దిగిపోయింది. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, అప్పుడే లోపలికొచ్చిన పెద్ద నర్సు వైపు తిరిగాడు.

“ఎన్నింటికి రావాలమ్మా?”