అద్దాల ఇస్సాకు భార్య

ఆ పొద్దు ఆకాశం ఎటూ తేల్చుకోలేకుండా ఉంది. రాత్రంతా ముసురు. తెల్లవారేసరికి వాన నిలిచింది గానీ నల్లమల మీద మబ్బు కదల్లేదు. పడమర వైపు మాత్రం దుప్పటంత మేర తెల్లబడింది. లూదియా దొడ్లో గిన్నెలు తోముతూ ఆ తెలుపును చూసి, మధ్యాహ్నానికి ఎండ రావచ్చు అనుకుంది. వస్తే మేలు. లెన్సుల పనికి తడిగాలి గిట్టదు.

"నంద్యాల బస్సు ఏడింటికి. ఇంగా బోకుల కాడనే ఉండావా?" అన్నాడు ఇస్సాకు.

అతను అప్పటికే తల దువ్వుకుని గీతల చొక్కా తొడుక్కుని నిలబడ్డాడు. ఆ చొక్కా గుడ్డ కోయిలకుంట్ల ఫోటోగ్రాఫరు ఒకాయన ఇచ్చింది. బూజు పట్టి ఇక పనికిరాదనుకున్న లెన్సు బాగైనందుకు సంతోషపడి, ఇస్సాకు చేతిలో పెట్టిపోయాడు. లెన్సు బాగుచేసింది లూదియా. చొక్కా వారం వారం ఉతికేదీ లూదియానే.

ఆళ్ళగడ్డ బజారులో ఇస్సాకుది వాళ్ళ నాయన పెట్టిన స్టూడియో. తొంభై ఏడో సంవత్సరం అది. చేతిలో ఇమిడే కెమెరాలు, రంగు ఫోటోలు వచ్చి చాలా ఏండ్లయినా, పాత స్టూడియోల్లో పెద్ద కెమెరాలు ఇంకా ఉన్నాయి. కొయ్యపెట్టె, దానికి తోలు తిత్తి, ముందర చెంబంత ఇత్తడి లెన్సు. వానాకాలం వస్తే ఆ లెన్సుల లోపల తెల్లటి బూజు పాకుతుంది. ఆ రోగానికి ఆళ్ళగడ్డలో మందు ఉందని డోన్ దాకా తెలుసు. లెన్సు పట్టుకుని వచ్చిన వాళ్ళతో ఇస్సాకు షాపు ముందర కూర్చుని మాట్లాడతాడు. కన్ను దగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, "వారం పడ్తాదన్నా" అంటాడు. తర్వాత ఆ లెన్సు గుడ్డలో చుట్టుకుని వెనకింట్లోకి, వంటింటి గడప దగ్గరికి వస్తుంది. వారానికి అదే గుడ్డలో ముందరికి పోతుంది. అట్లా అతనికి అద్దాల ఇస్సాకు అని పేరు వచ్చింది.

లూదియాకు ఆ పని ఎవరూ నేర్పలేదు. పెండ్లయిన మొదటి వానాకాలం, బడిపిల్లల ఫోటో పొగలో తీసినట్టు వచ్చింది. ఇస్సాకు ఫిల్మును తిట్టాడు. ఆమె లెన్సులోకి చూసి, ఊరగాయ మీద కట్టే తెట్టులాంటిది లోపల ఉందని గుర్తుపట్టింది. మధ్యాహ్నం అందరూ పండుకున్నాక సైకిల్ ట్యూబు ముక్క ఇత్తడికి చుట్టి మెల్లగా విప్పింది. విప్పిన ముక్క విప్పినట్టు వరసగా దుప్పటి మీద పెట్టుకుంటూ పోయింది. తుడిచి బిగించాక ఫోటో ఇంకా చెడిపోయింది. ఒక అద్దం తిరగబడిందని కనుక్కోవడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ అన్నం సయించలేదు. అప్పటి నుంచి ఏ అద్దం బయటికి తీసినా, ముందుగా దాని అంచు మీద పెన్సిలుతో చిన్న బాణం గీస్తుంది. కెమెరా ముందర ఉండే మనిషి వైపు ఆ బాణం చూస్తుంటుంది. పని అయినాక తుడిచేస్తుంది. ఇస్సాకు ఆ బాణాన్ని ఎప్పుడూ చూడలేదు.

"అద్దాలు తుడ్సేది గూడా ఒక పనేనా? గిన్నెలు తోమినట్టే గదా" అనేది అత్త. "ముందర కూచ్చునేది మాటల పని. నీకు రాదులే" అనేవాడు ఇస్సాకు. లూదియా జవాబు చెప్పేది కాదు. నిజానికి ఆమెకు పెద్ద బాధ కూడా ఉండేది కాదు. పొయ్యి ఆర్పేసి, మెత్తబడిన పాత చీర పేలిక స్పిరిట్లో ముంచి, అద్దం నడుమ నుంచి అంచుకు చుట్టలు చుట్టలుగా తుడుస్తుంటే, ఒక్కో చుట్టకు కొంత బూజు పోయి, చివరికి చేతిలో అద్దం ఉందో లేదో తెలియనంత తేటగా అయ్యే ఘడియ ఒకటి వస్తుంది. ఆ ఘడియలో ఆమెను పిలిచినా వినపడదు. ఇంట్లో తక్కిన పనులన్నీ తెల్లారితే మళ్ళీ మొదటికి వచ్చేవే. తోమిన గిన్నె మాపటికి అంటు. ఇది మాత్రం చేస్తే చేసినట్టు నిలిచేది. ఆ ఘడియ తనదైనప్పుడు పేరు ఎవరిదైతే ఏమని అనుకునేది. అట్లా తొమ్మిదేండ్లు అనుకుంది.

నంద్యాల గురుస్వామి లెన్సు వేరే చిక్కు తెచ్చింది. ఆయన ముసలి ఫోటోగ్రాఫరు. వాళ్ళ నాయన కొన్న లెన్సును ఇంటి గడప దాటనీయడు. "బూజు పట్టింది. నువ్వే వచ్చి నా కండ్ల ముందర చెయ్యప్పా. కాకపోతే చెప్పు, ఇత్తడి కొనేటోనికి ఏసేస్తా. ఇట్ల దాన్ని చూడలేకుండా ఉండా" అని కబురు చేశాడు. ఇస్సాకు మాట ఇచ్చేశాడు. ఇచ్చాక భయపడ్డాడు.

బస్సులో శిరివెళ్ళ దాటినాక గొంతు తగ్గించి అన్నాడు. "నువ్వు నా పక్కనే కూచ్చో. నేను విప్పుతా, నువ్వు తుడిచియ్యి. యాడన్నా తప్పు పోతాంటే మోచేత్తో పొడువు."

"గట్టిగా పొడవాల్నా?" అంది లూదియా.

అతనికి నవ్వు రాలేదు.

కానీ గురుస్వామి ఇంట్లో పక్కన కూర్చునే వీలే లేకపోయింది. కాళ్ళు కడుక్కుంటుండగానే ఆయన భార్య శివమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆ గొట్టాల కాడ నీకేం పనిమ్మా? రా, రొట్టెలు తడదాం. ఈ మనిషి ఆ లెన్సును చూసుకున్నంత నన్ను చూసుకొనింటే, నేనింగా పదేండ్లు చిన్నగా ఉందును."

ఇస్సాకు లూదియా వైపు చూశాడు. లూదియా వంటింట్లోకి పోయింది.

వంటింటి తలుపులో నుంచి వసారాలో బల్ల కనపడుతుంది. ఆమె జొన్నపిండి తడుతూ చూసింది. ఇస్సాకు లెన్సు వెనకభాగం విప్పాడు. రెండు అద్దాలు, వాటి నడుమ ఇత్తడి రింగు. పెన్సిలు తీయలేదు. అద్దాలు రెండూ ఒకేసారి అరచేతిలోకి దొర్లించుకున్నాడు. ఆమె చెయ్యి ఆగింది. అతను తుడిచాడు, ఎత్తి చూశాడు, మళ్ళీ తుడిచాడు. ఏది ఎట్లా వచ్చిందో ఇక బల్ల మీద ఎవరికీ తెలియదు. పెనం మీద రొట్టె మాడింది.

"ఏందమ్మా, నీ మనసు యాడుంది?" అంది శివమ్మ.

బిగించడం అయింది. గురుస్వామి భార్యను పిలిచి వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. మబ్బు విడిచి ఎండ వచ్చింది. ఆయన కెమెరా వెనక నల్లగుడ్డ కప్పుకున్నాడు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చినాక మొహం చిన్నబోయింది.

"బూజు పోయింది. కానీ ముక్కు ఒక్కటే తేటగా ఆనుతాంది. చెవులు, చీర అంతా సుడి తిరిగినట్టుంది. ముందర ఇట్ల లేదే?"

"పాత సరుకు గదన్నా," ఇస్సాకు లెన్సు వైపు చూడకుండా అన్నాడు. "అద్దం అరిగింటాది. దాని వయసు అయిపాయ."

గురుస్వామి తల ఆడించాడు. నమ్మాడు. అద్దాల ఇస్సాకు చెప్పాడంటే నమ్మక ఏం చేస్తాడు? ఆయన లెన్సు మీద చెయ్యి వేసి, పశువును సంతకు తోలేముందు నిమిరినట్టు ఒకసారి నిమిరాడు. "సరేలేప్పా. ఇత్తడోడు మంగళవారం వస్తాడు."

లూదియా తలుపు దగ్గర నిలబడి ఉంది, చేతులకు పిండి. ఇప్పుడు నోరు మూసుకుంటే అతని పరువు నిలుస్తుంది. నంద్యాలలో, డోన్‌లో, కోయిలకుంట్లలో నిలుస్తుంది. తన పేరు పోయినప్పుడు నోరు మూసుకుంది, అది తన పేరే గనుక ఇచ్చేసింది. ఈ లెన్సు తనది కాదు. దానికి రోగం లేదు. చెప్పుకునేందుకు దానికి నోరు లేదు. ఒక మంచి లెన్సును అరిగిపోయిందని చెప్పి కరగబెట్టిస్తారు, తాను ఏమీ చూడనట్టు రొట్టె తట్టి, తిని, బస్సెక్కి పోవాలి. అది ఆమె చేత కాలేదు.

తొట్టి దగ్గరికి పోయి మోచేతుల దాకా కడుక్కుంది. కొంగుతో ఒక్కో వేలూ తుడుచుకుంది. వచ్చి బల్ల పక్కన నిలబడింది.

"లెయ్యప్పా," అంది ఇస్సాకుతో. "అద్దం తిరగబడింది. నేను చేస్తా."

ఇస్సాకు నోరు తెరిచాడు. మోచెయ్యి తాకలేదు గానీ తాకినట్టే ఉలిక్కిపడ్డాడు. గురుస్వామి ఒకసారి ఆమెను, ఒకసారి అతన్ని చూశాడు. ఇస్సాకు లేచాడు.

ఆమె కూర్చుంది. కెమెరా నుంచి లెన్సు తెప్పించుకుని, వెనకభాగం విప్పి, బయటి అద్దాన్ని కిటికీకేసి పట్టుకుంది. చదునుగా ఉన్న వైపు కిటికీ నీడ పెద్దగా కనపడుతుంది, ఉబ్బుగా ఉన్న వైపు చిన్నగా. ఏ కిటికీ నీడ ఎటు ఉండాలో ఆమె వేళ్ళకు తెలుసు. అద్దం తిప్పింది. అంచున మిగిలిన బూజు పోగును పేలికతో తీసింది. రింగు వేసింది, రెండో అద్దం వేసింది, బిగించింది. ఆ కాసేపూ ఎవరేం మాట్లాడారో ఆమెకు తెలియదు.

గురుస్వామి లెన్సును కెమెరాకు తగిలించి, నల్లగుడ్డ ఎత్తి పట్టుకుని, "ముందు నువ్వే చూడమ్మా" అన్నాడు.

గుడ్డ కింద చీకట్లో, కెమెరా వెనకాల అద్దం పలక మీద, అందులో ఎవరైనా కనపడేట్టే, శివమ్మ తలకిందులుగా కూర్చుని ఉంది. కనుబొమ్మలు, నుదుటి మీద పొయ్యి బూడిద మరక, చెవి కమ్మల రాళ్ళు, చీర అంచులో ఊడిన పోగు కూడా. ఏదో అంటోంది, పెదవుల ముడతలు కదులుతున్నాయి. అంత బాగా ఒక ఆడమనిషిని ఎవరైనా ఎప్పుడైనా చూశారా అనుకుంది లూదియా.

తర్వాత గురుస్వామి చూశాడు. బయటికి వచ్చి కండ్లు తుడుచుకున్నాడు. ఇస్సాకును ఏమీ అడగలేదు. పెద్దమనిషి.

"అవుకులో నా స్నేహితుని లెన్సు ఒకటుంది," అన్నాడు కొంతసేపటికి. "వానికి గడప పట్టింపు లేదు. బస్సులో పార్సెలు పంపిస్తాడు. పైన ఎవురి పేరు రాయమనాల?"

అలవాటుగా ఇస్సాకు వైపే చూసి అడిగాడు. ఇస్సాకు గొంతు సవరించుకున్నాడు.

"లూదియా అని రాయమనన్నా," అంది ఆమె. "లూదియా, ఆళ్ళగడ్డ. చాలు. వస్తాది."

ఇస్సాకు బల్ల మీది పేలిక తీసి మడత పెట్టాడు.

శివమ్మ వసారాలో చాప పరిచి రెండు కంచాలు పెట్టింది. పెట్టి, కాసేపు వాటిని చూసి, లోపలికి పోయి ఇంకో రెండు తెచ్చింది. గురుస్వామి కూర్చున్నాడు. ఇస్సాకు కూర్చుని, చాప మీద కొంచెం పక్కకు జరిగాడు. జరిగిన చోట లూదియా కూర్చుంది. జొన్నరొట్టెలు చల్లారి గట్టిపడ్డాయి. వంకాయ కూరలో ఉప్పు వేయాల్సిన ఇద్దరూ పొయ్యి దగ్గర లేకపోయినందువల్ల అసలు ఉప్పే పడలేదని మొదటి ముక్కకే తెలిసింది. ఇస్సాకు నమిలాడు, మింగాడు, ఇంకో ముక్క తుంచుకున్నాడు.