ఇంటిపేరు లేని వగియెమ్

వగియెమ్ పేర్లు తిరగేస్తోంది. ఇంటిపేరు ముందుకు, కామా, అసలు పేరుకి ఒక్క పొడి అక్షరం, చుక్క, సంవత్సరం. పరిశోధన గ్రంథాల చివర వచ్చే ఆధారాల పట్టికలు కంప్యూటర్లో కుదర్చడం ఆమె పని. యోగ్యకర్తాలో విశ్వవిద్యాలయం పక్కనున్న ఆ ఆఫీసులో కూర్చునీ కూర్చునీ నడుం వంగింది, కళ్లద్దాలు మందమయ్యాయి. ఈ రోజుతో ఉద్యోగం ఆఖరు.

జావాలో చాలామందిలాగే ఆమెకీ ఒకటే పేరు, ఇంటిపేరు లేదు. కంప్యూటరుకి మాత్రం పేరు, ఇంటిపేరు రెండు గళ్లూ నిండితేగాని కడుపు నిండదు.

ప్రొఫెసర్ హరిముర్తి మూలికల మీద పుస్తకం రాస్తున్నప్పుడు సగం ఆధారాలు వెతికిపెట్టింది ఆమే. రచయితల్లో నీ పేరూ వేయిస్తానని ఆయన మాటిచ్చాడు. అచ్చులో తన పేరు చూసుకోవాలన్న ఆ ఒక్క ఆశతో మోకాళ్ల నొప్పులు ఓర్చుకుంటూ ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది.

మధ్యాహ్నం ఆయన డ్రైవరు పనసకూర, అన్నం పొట్లంతోపాటు పుస్తకం తెచ్చిచ్చాడు. అట్ట మీద ప్రొఫెసరు పేరు కింద ‘వగియెమ్ కర్తోసువితో’ అని ఉంది. కర్తోసువితో ఆమె తండ్రి. ఆడపిల్లకి పైచదువెందుకు, పుస్తకాలు ఉడకేసి పెడుతుందా అని కాలేజీ మాన్పించిన మనిషి.

ఫోన్ చేస్తే ప్రొఫెసరు నవ్వాడు. “రెండో గడి ఖాళీగా ఉంటే పుస్తకం వేసే విదేశీవాళ్లు ఒప్పుకోలేదమ్మా. మీ ఆఫీసు కాగితాల్లో నాన్నగారి పేరు కనబడితే వేయించా. పెద్దాయన పేరు నిలబెట్టినట్టయింది కదా.”

మంచిదండీ అంది. పెద్దవాళ్లకి కాదని చెప్పడం ఆమెకి ఎవరూ నేర్పలేదు. ఒళ్లు మండిపోయింది. పొట్లం విప్పలేదు.

సాయంత్రం ఆఖరి ఫైలు ప్రొఫెసరు దగ్గరే పరిశోధన చేస్తున్న విద్యార్థి సిద్ధాంత గ్రంథం. అచ్చుకి ముందే చదివినట్టున్నాడు, ఆధారాల్లో ఆ పుస్తకమూ ఉంది.

“మీ పేరొక్కటే వేసెయ్యండి బు, ఎవరు చూడొచ్చారు?” అన్నాడు పక్క సీటు సెతో. తల్లి వయసు ఆడవాళ్లని అక్కడందరూ బు అనే పిలుస్తారు.

“అట్ట మీద ఏముంటే అదే వేయాలి. నీకు నేర్పింది నేనే కదయ్యా.”

కర్తోసువితో, కామా, వ, చుక్క. తన చేత్తోనే కొట్టింది. ఇకమీద ఆ పుస్తకాన్ని ఎవరు ఉదహరించినా ఇంతే. చదువు మాన్పించినవాడు పండితుడయ్యాడు. చదువు కోసం ఏడ్చినది ఒక్క అక్షరమై మిగిలింది.

అందరి చేతులూ తాకి వీడ్కోలు చెప్పి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. పుస్తకం తీసుకెళ్లలేదు. దాని అట్ట మీద, సరిగ్గా తండ్రి పేరు మీద, ఆమె సగం తాగి వదిలేసిన టీ గ్లాసు చల్లారుతోంది.